సంతకం పెట్టే ముందు

విజయనగరం

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక సీనియర్ లాయరు పేరు హైకోర్టు జడ్జి పదవికి వెళ్లిందని, ఆయన మీద ఫిర్యాదు పంపడానికి మీ బార్ అసోసియేషన్‌లో కొందరు నీ సంతకం అడుగుతున్నారని రాశావు. "మామయ్యా, మీరు ఆయన్ని శ్రీకాకుళం కోర్టులో చూశారు కదా, మంచివాడేనా?" అన్నావు.

నా నోటి మాట మీద తేల్చుకోకు. రికార్డు చూడు.

రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం పదేళ్లు హైకోర్టు అడ్వకేటుగా ఉంటే అర్హత వచ్చేస్తుంది. గుణం ఎలా కొలవాలో అందులో లేదు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జిలు పేరు పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం, ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక తీసుకుంటారు, ఆపైన సుప్రీంకోర్టు కొలీజియం, అంటే అక్కడి సీనియర్ జడ్జిల బృందం, చూస్తుంది. కానీ పాలకొండ కోర్టులో ఆయన ఒక సాక్షితో ఎలా మాట్లాడాడో ఢిల్లీలో ఎవరికి తెలుస్తుంది? ఒకసారి కూర్చుంటే 62 ఏళ్లు వచ్చేదాకా ఉంటారు. తీసేయాలంటే పార్లమెంటు ఉభయ సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. అందుకే చూసేదేదో ఇప్పుడే చూడాలి.

నేనైతే మొదట ఒక్కటి వెతుకుతాను. తన క్లయింటుకు వ్యతిరేకంగా ఉన్న పాత తీర్పు ఎదుటి ప్లీడరుకు తెలియనప్పుడు, దాన్ని ఆయనే కోర్టు ముందు పెట్టాడా, దాచాడా? చాలామంది దాస్తారు. పెట్టి, "అయినా ఈ కేసు వేరు" అని వాదించినవాడు రేపు బెంచి మీద ఇద్దరి మాటా వింటాడని నాకు నమ్మకం.

తరువాత సీతంపేట వైపు ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంత, భూముల కేసులు చూడు. గిరిజనేతరుల తరఫున నిలబడడం తప్పు కాదు, ప్లీడరు అందరికీ కావాలి. కానీ ఏజెన్సీ భూ బదలాయింపు చట్టానికి 1970లో వచ్చిన సవరణ తరువాత ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేయాల్సింది అతనే. ఆ రుజువు కోసం ఆయన ఎలాంటి దస్తావేజులు దాఖలు చేశాడు? తెలుగు సరిగా రాని సవర తెగ ముసలాయన్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేసినప్పుడు దుబాసీని అడిగాడా, లేక ఆ తడబాటునే వాడుకున్నాడా? వాంగ్మూలాలు చదివితే తెలుస్తుంది. నాకు ఫీజుల లెక్క కన్నా ఇదే పెద్దది.

గుమస్తాలను కూడా అడుగు. క్లయింటు ప్లీడరును మార్చుకుంటే కాగితాలు వెంటనే ఇచ్చేవాడా, తిప్పించేవాడా అన్నది వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. వచ్చే పేరు జిల్లా జడ్జిదైతే పని ఇంకా తేలిక. తీర్పుల్లో ఓడినవాడి వాదన పూర్తిగా రాశాడో లేదో చూడు. దాన్ని రెండు ముక్కల్లో తోసేసి గెలిచినవాడికి పది పేజీలు ఇచ్చాడంటే నాకు అనుమానమే. కులం, ఎవరి మనిషి అన్న బార్ రూమ్ కబుర్లు పక్కన పెట్టు.

1997లో సుప్రీంకోర్టు జడ్జిలు తమకు తామే కొన్ని నియమాలు రాసుకున్నారు. ఇంట్లోవాళ్లు లాయర్లయితే తమ ముందు వాదించకూడదని, బార్‌లో వ్యక్తులతో దగ్గరి స్నేహాలు వద్దని అందులో ఉంది. అది దగ్గర పెట్టుకుని, ఈ మనిషి వాటిని పాటించగలడా అని ఆలోచించు.

ఇక నీ మనసు. నా ముప్పయ్యో ఏట ఒక భూమి కేసు ఓడిపోయాను. ఎదుటి ప్లీడరు జడ్జిని పట్టుకున్నాడని పదిమందితో అన్నాను, ఆ మాట ఊరంతా తిరిగింది. ఏళ్ల తరువాత ఆ రికార్డు మళ్లీ తిరగేస్తే, నా సాక్షే క్రాస్‌లో అబద్ధం ఒప్పుకున్నాడని కనబడింది. క్షమించమని అడగడానికి అప్పటికి ఆయన లేరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నువ్వు కూడా ఈ సీనియర్ చేతిలో రెండు కేసులు ఓడిపోయావు కదా. ఆ ఓటములను లెక్కలోంచి తీసేసి చూడు.

తప్పు నిజంగా కనబడితే, కేసు నంబరు, తేదీ, సర్టిఫైడ్ కాపీతో నీ పేరు మీదే ప్రధాన న్యాయమూర్తికి రాయి. ఆకాశరామన్న ఉత్తరాల జోలికి పోకు. కనబడకపోతే సంతకం పెట్టనని వాళ్ల ముఖం మీదే చెప్పు. టెన్షన్ పడకు, నాలుగు రోజులు మాట్లాడరు, అంతే.

సిరిమానోత్సవానికి వస్తావు కదా, ఆ వాంగ్మూలాల కాపీలు తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య