స్టిరాయిడ్లకు లొంగని కంటి నరం వాపు: ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ అవసరమేనా?

ప్రశ్న: మా చెల్లెలి వయసు 31. రెండు వారాల క్రితం కుడి కన్ను నొప్పితో మొదలై, నాలుగు రోజుల్లోనే చూపు బాగా పడిపోయింది. కంటి నరం వాపని చెప్పి అయిదు రోజులు స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చినా, ఎదురుగా చూపించిన వేళ్లను లెక్కపెట్టలేకపోతోంది. ఇప్పుడు ప్లాస్మా మార్పిడి, ఆ తర్వాత రిటుక్సిమాబ్ అంటున్నారు. ఇవి నిజంగా అవసరమా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవసరం కావచ్చు. అయితే ఈ రెండూ చేసే పని ఒకటి కాదు. ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసేసి, దాని స్థానంలో వేరే ద్రవం ఎక్కించడం) ఇప్పుడు పోతున్న చూపును నిలబెట్టడానికి, రిటుక్సిమాబ్ జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా చూడడానికి.

స్టిరాయిడ్లకు ఇంతగా లొంగని వాపును చూసినప్పుడు మేం ముందుగా అనుమానించేది న్యూరోమైలైటిస్ ఆప్టికాను. ఇందులో శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలే కంటి నరంలోనూ వెన్నుపాములోనూ ఉండే ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ మీద దాడి చేస్తాయి. 2004లో ఈ యాంటీబాడీని గుర్తించేదాకా చాలామందిలో దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్‌గా (మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర దెబ్బతినే మరో జబ్బు) పొరబడేవారు. స్టిరాయిడ్లు వాపును అణచగలవు గానీ, రక్తంలో అప్పటికే తిరుగుతున్న యాంటీబాడీలను బయటికి పంపలేవు. ఆ పని ప్లాస్మా మార్పిడి చేస్తుంది. సాధారణంగా రోజు విడిచి రోజు, 5 నుంచి 7 సార్లు చేస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు కాబట్టి రిపోర్టు కోసం ఆగవద్దు. కానీ ఆక్వాపోరిన్-4, ఎంఓజీ (నరాల పైపొరలో ఉండే మరో ప్రోటీన్) యాంటీబాడీల పరీక్షకు రక్తం మాత్రం మార్పిడికి ముందే తీయించండి. ఆమె టీబీకి ఇథాంబ్యుటాల్ వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు తప్పక చెప్పండి, ఎందుకంటే ఆ మందు కూడా కంటి నరాన్ని దెబ్బతీయగలదు.

ఆక్వాపోరిన్-4 పాజిటివ్ వస్తే, వచ్చింది ఒక్క దాడే అయినా నివారణ చికిత్స మొదలుపెట్టాల్సిందే, తర్వాతి దాడి రెండో కంటికో వెన్నుపాముకో రావచ్చు. యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలను రిటుక్సిమాబ్ తగ్గిస్తుంది, దీన్ని సాధారణంగా ఆరు నెలలకోసారి ఎక్కిస్తారు. రోగనిరోధక వ్యవస్థను అణచే అజథయోప్రిన్, మైకోఫినోలేట్ మాత్రలకు ఖర్చు తక్కువే గానీ, అవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది, అందాకా ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్ మాత్ర కొనసాగించాలి. గర్భం కోరుకునే వారికి మైకోఫినోలేట్ పనికిరాదు. ఎంఓజీ పాజిటివ్ అయితే చాలామందికి జబ్బు తిరగబెట్టదు కాబట్టి, తొలి దాడి తర్వాత కొంతకాలం వేచి చూడవచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్ వంటివి న్యూరోమైలైటిస్ ఆప్టికాను మరింత ముదరబెట్టగలవు, అందుకే ఈ పరీక్ష మీద ఇంతగా పట్టుబడుతున్నాను.

రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి, టీబీ, హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి. హెపటైటిస్-బి లోపల దాగి ఉంటే ఈ మందుతో ప్రాణాంతకంగా తిరగబెట్టవచ్చు. స్టిరాయిడ్ మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, వెక్కిళ్లో వాంతులో ఎంతకీ తగ్గకపోయినా అదే రోజు న్యూరాలజిస్టుకు చూపించండి.