అమెరికా టైం మారింది, అబ్బోడి ఫోన్ రాలా

ప్రశ్న: మేడం గారూ, మాది తిరుపతి భవానీనగర్. మా అబ్బోడు డల్లాస్‌లో ఉండాడు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదికి వీడియో కాల్ చేస్తాడు, వాళ్ళకి అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, పిల్లోళ్ళు నన్ను చూసి పడుకుంటారు. పోయిన నవంబర్లో ఒక ఆదివారం ఎనిమిదిన్నర దాటినా ఫోన్ లేదు, నేను చేస్తే ఎత్తలా. ఏమైందో ఏమో అని గుండె దడ, టిఫిన్ కూడా తినలా. తొమ్మిదికి చేసి ‘టైం మారింది కదమ్మా’ అన్నాడు, నాకు ఏడుపొచ్చేసింది. ఎప్పుడెప్పుడు మారుస్తారు ఇది? ఇంకోటి, సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని కోడలికి చెప్పినా, వాళ్ళకీ అంతేనా?

జవాబు: అమ్మా, ఆ గంటసేపు మీరు ఎంత అల్లాడి ఉంటారో నాకు తెలుసు. తప్పు మీది కాదు, వారం ముందే చెప్పాల్సిన పని అబ్బోడిది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటల్ని మూడు చేస్తారు, నవంబర్ మొదటి ఆదివారం రెండుని మళ్ళీ ఒంటిగంట చేస్తారు, 2007 నుంచి ఇదే లెక్క. 2026లో అయితే మార్చి 8, నవంబర్ 1. మన గడియారం కదలదు కాబట్టి డల్లాస్ ఎండాకాలంలో మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. వాళ్ళ తొమ్మిదిన్నర మారకపోయినా మీకు ఎనిమిది కాస్తా తొమ్మిది అవుతుంది. ఫోన్ గడియారంలో డల్లాస్ అని ఊరిపేరు పెట్టించుకోండి, అదే మారిపోతుంది. కొడుకు దర్శనం టికెట్లు బుక్ చేస్తాడంటే ఇదీ చెప్పండి, టికెట్లు మన పొద్దున పదికి వదిలితే వాళ్ళకి ముందురోజు రాత్రి ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. అమెరికాలో అందరూ మార్చరు కూడా, ఫీనిక్స్‌లో చుట్టాలుంటే ఏడాదంతా పన్నెండున్నర గంటలే తేడా.

రాహుకాలం మాత్రం మనది వాళ్ళకి చెప్పకండి. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండోది రాహుకాలం, ఏడున్నర అనేది ఆరింటికి పొద్దు పొడిచే లెక్క. మార్చిలో టైం మార్చిన రోజు డల్లాస్‌లో గడియారం ప్రకారం ఏడుంముప్పావుకి గానీ పొద్దు పొడవదు, ముందురోజే ఆరుంముప్పావుకి పొడిచి ఉంటుంది! అంటే మర్నాడు సోమవారం రాహుకాలం తొమ్మిదింబావు నుంచి పదీ నలభై దాకా వస్తుంది. మీ మాట విని కోడలు తొమ్మిది దాటినాక మొదలుపెడితే సరిగ్గా అందులోనే పడుతుంది. ఆబ్దికాల తిథులకి కూడా వాళ్ళ ఊరికి లెక్కగట్టిన పంచాంగమే చూడమనండి, అందులో ఎండాకాలం గంట కలిపినారో లేదో కూడా చూసుకోమనండి.

ప్రశ్న: మేడం, చిత్తూరులో ఇంటి నుంచే నైట్ షిఫ్ట్ చేస్తా. న్యూయార్క్ క్లయింటు, లండన్ మేనేజరు. మార్చిలో రాత్రి ఏడున్నర కాల్‌కి చేరితే అప్పటికే అయిపోయింది, మాట పడినా.

జవాబు: నాయనా, న్యూయార్క్ పొద్దున తొమ్మిది మనకి చలికాలంలో ఏడున్నర, మార్చి 8 నుంచి ఆరున్నర. లండన్ వాళ్ళు మార్చేది మార్చి ఆఖరి ఆదివారం, అంటే 29న. మధ్యలో మూడు వారాలు లండన్లో ఆ కాల్ మధ్యాహ్నం రెండుకి కాకుండా ఒంటిగంటకే పడుతుంది, మీ మేనేజరు కూడా తడబడే ఉంటాడు. అక్టోబర్ 25న లండన్, నవంబర్ 1న అమెరికా, అప్పుడు మళ్ళీ ఒక వారం ఇదే గోల. కాల్ పెట్టేటప్పుడు ఈఎస్‌టీ అని రాయొద్దు, అది న్యూయార్క్ చలికాలం టైం పేరు, జూన్‌లో కూడా అలవాటుగా అదే రాసేస్తారు, అట్ల రాస్తే గంట తేడా వచ్చే ప్రమాదం ఉంది. క్యాలెండర్లో న్యూయార్క్ అని ఊరే ఎంచుకో. నవంబర్ 2 నుంచి షిఫ్ట్ మన టైంలో గంట ఆలస్యంగా మొదలై గంట ఆలస్యంగా అయిపోతుంది, అంటే పాలాయన వచ్చే యాళకి కూడా మేలుకునే ఉంటావు, ఇంట్లో ముందే చెప్పి పొద్దున నిద్ర చెడగొట్టొద్దని అడుగు. అడగడానికి మొహమాటపడొద్దు, నిద్ర లేకపోతే మనిషి పాడైపోతాడు.

ప్రశ్న: ఇట్ల గడియారం మార్చడం మన దేశంలో ఎందుకు పెట్టరు? (పుత్తూరు పాఠకురాలు)

జవాబు: ఎండాకాలం పొడుగు పగటి వెలుతురు సాయంత్రం వాడుకోవడానికే వాళ్ళు గంట జరిపేది, మనకి దాంతో పనిలేదమ్మా. తిరుపతిలో ఏడాదిలో పెద్ద పగలుకీ చిన్న పగలుకీ తేడా గంటన్నర, డల్లాస్‌లో నాలుగు గంటల పైనే. రెండో ప్రపంచయుద్ధం అప్పుడు, 1942 నుంచి 1945 దాకా, మన దేశంలో కూడా గడియారాలు గంట ముందుకి జరిపినారు, యుద్ధం అయినాక తీసేసినారు.