రిటైర్మెంట్ డబ్బుతో కెమెరా కొనొచ్చా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఇంకో రెండేళ్లలో రిటైర్ అవుతాను. కాలేజీ రోజుల్లో ఫిల్మ్ కెమెరాతో నాకు నేనే నేర్చుకుని ఫొటోలు తీసేవాణ్ని. ఉద్యోగం, పిల్లల చదువులతో అది మూలపడింది. ఏడాదిగా ఫోన్‌తో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ కెమెరా, రెండు లెన్సులు కొనాలని ఉంది. రిటైర్మెంట్ కోసం దాచిన డిపాజిట్ ఒకటి తీయాలా, ఈఎంఐలో తీసుకోవాలా? పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తే ఖర్చు వెనక్కి వస్తుందనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లేమో ఈ వయసులో ఇదంతా ఎందుకంటున్నారు.

జవాబు: తప్పకుండా కొనుక్కోండి. రిటైరైన మనిషిని పొద్దున్నే ఇంట్లోంచి బయటికి నడిపించే పని ఒకటి ఉండాలి. రిటైర్మెంట్ ప్లాన్ వేసేటప్పుడు మందులకూ, ఇంటి మరమ్మతులకూ పద్దు రాసినట్టే నేను ఇష్టాలకూ ఒక పద్దు రాస్తాను. ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి. అయితే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా వాళ్లకు చూపించాలి.

డిపాజిట్ మాత్రం ముట్టుకోవద్దు. ఏడు శాతం రాబడి వచ్చే సొమ్ము దాదాపు పదేళ్లకు రెట్టింపవుతుంది. అంటే ఇవాళ ఒక కెమెరా డబ్బు తీస్తే, మీకు 68 వచ్చేసరికి రెండు కెమెరాల డబ్బు తగ్గుతుంది. అప్పటికి ఆ లోటు పూడ్చడానికి జీతం ఉండదు. ఈఎంఐ కూడా వద్దు. కెమెరా బాడీ విలువ కొన్న రోజు నుంచే పడిపోతుంది, కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఇంకాస్త తగ్గుతుంది. అలాంటి వస్తువుకు వడ్డీ కట్టడం నాకు ఏ వయసులోనూ నచ్చదు. ఆ వాయిదాలు రిటైర్మెంట్ తర్వాతికి కూడా సాగితే అసలు ఒప్పుకోను.

మీకింకా రెండేళ్ల జీతం ఉంది. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికందే చోట ఉందా, ఆరోగ్య బీమా మీ పేరు మీద సొంతంగా ఉందా అన్నది ముందు చూసుకోండి. ఆఫీసు ఇచ్చే బీమా చాలాచోట్ల ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటే, ఎప్పుడూ చేసే పొదుపు పోగా మిగిలే దాంట్లోంచి నెలనెలా కొంత వేరే ఖాతాలో వేయండి. కెమెరా ఖర్చంతా ఆ ఖాతాలోంచే జరగాలి.

అది పోగయ్యేలోపు చేయాల్సిన పని ఇంకొకటుంది. మీ ఫోన్‌లో ఏ ఫొటో తెరిచినా వివరాల్లో ఏ లెన్స్‌తో, ఎంత షట్టర్ స్పీడ్‌తో (అంటే ఎంతసేపు వెలుతురు లోపలికి రానిచ్చి) తీశారో ఉంటుంది. ఈ ఏడాది తీసినవాటిలో మీకు బాగా నచ్చిన ఒక వంద ఫొటోలు ఏరి, వాటి వివరాలు చూడండి. ఎక్కువ ఫొటోలు జూమ్ చేసి తీసినవైతే మీకు దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలి లెన్స్ కావాలి. మామూలు లెన్స్‌తో దగ్గరికెళ్లి తీసిన మొహాలే ఎక్కువుంటే జూమ్ లేని చిన్న ప్రైమ్ లెన్స్ ఒక్కటి సరిపోతుంది. చీకట్లో తీసి చెదిరిపోయిన ఫొటోలు చాలా ఉంటేనే పెద్ద సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) గురించి ఆలోచించాలి. మీకు రెండో లెన్స్ అవసరమా కాదా అన్నది షాపువాళ్ల కంటే ఈ వంద ఫొటోలే బాగా చెబుతాయి.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. మీరు వాడిన 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ కొలతా అదే, అందుకే ఫిల్మ్ వాడినవాళ్ల మనసు అటే లాగుతుంది. కానీ ఆ లెన్సులు, ముఖ్యంగా జూమ్‌లు, బరువు. మెడ నొప్పెట్టి బీరువాలో పెట్టేసే కెమెరా కంటే రోజూ భుజాన ఉండే, ఇంతకంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా మీద పెట్టిన డబ్బే సద్వినియోగం అవుతుందని నా అభిప్రాయం. అయినా ఫుల్ ఫ్రేమే కావాలనిపిస్తే ఒక వారాంతం అద్దెకు తెచ్చి, సాయంత్రం దాకా మోసి చూడండి.

సెకండ్ హ్యాండ్‌కు భయపడొద్దు. 2018లో నికాన్, కెనాన్ రెండూ లోపల అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాక చాలామంది అటు మారారు. దాంతో లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాలు, అంటే మంచి డీఎస్ఎల్ఆర్‌లు, తక్కువ ధరకు దొరుకుతున్నాయి. కొనేముందు షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరాతో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో, అడగండి. లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి, ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మీ పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ ఇంకా ఉంటే దాన్నీ అలాగే పరీక్షించండి. బాగుంటే మామూలు అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ బాడీకి తగిలించొచ్చు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అది మీకు అలవాటున్న పనే. పాత 50 ఎంఎం లెన్స్ ఏపీఎస్-సీ చిన్న సెన్సర్ మీద సుమారు 75 ఎంఎంలా పనిచేస్తుంది. మనుషుల ఫొటోలకు అది చక్కటి లెన్స్, అదీ కొత్తగా ఖర్చు లేకుండా.

పెళ్లి ఫొటోల ఆలోచన మానుకోండి. ఒక కెమెరా మొరాయిస్తే తీయడానికి రెండోది ఉండాలి. ఒకేసారి రెండు కార్డుల్లో రికార్డయ్యే బాడీ, ఫ్లాష్‌లు, ఆ తర్వాత రోజుల తరబడి ఎడిటింగ్, గడువుల టెన్షన్. ఖర్చు రాబట్టాలని మొదలుపెట్టి ఇంకా పెద్ద ఖర్చులోకి దిగుతారు. ఇన్నేళ్ల తర్వాత ఇష్టంగా చేతికి తీసుకున్నదాన్ని మళ్లీ ఉద్యోగంగా మార్చుకోవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇక పైఖర్చులు. ఒక్కో రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో) పాతిక ఎంబీ దాటడం మామూలే, కాబట్టి హార్డ్ డిస్కులు రెండు కావాలి. ఒకటి వేరే ఇంట్లో ఉంచితే ఇంకా మంచిది. అదనపు బ్యాటరీ, బ్యాగు, ప్రయాణాలు కూడా ఆ ఖాతాలోంచే వెళ్లాలి. ఇవన్నీ కలిపాక డబ్బు ఒక్క లెన్స్‌కే సరిపోతుందనుకుంటే ఒక్కటే కొనండి. రెండోది అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకోవచ్చు.