హెక్స్‌లో బ్రిడ్జి వేసినా దారి ఎందుకు తెగుతుంది?

హెక్స్ అంటే ఆరుమూలల గడుల బల్ల మీద ఇద్దరు ఆడే ఆట; తన ఎదురెదురు అంచులను తన కాయల దారితో ముందు కలిపినవాడిదే గెలుపు. ఒకదానికొకటి ఆనుకోని మీ రెండు కాయలకు ఉమ్మడిగా తగిలే ఆరుమూలల గడులు రెండు ఉండి, రెండూ ఖాళీగా ఉంటే అది బ్రిడ్జి. అవతలివాడు ఒకదాంట్లో దూరితే మీరు వెంటనే రెండోదాంట్లో పెట్టాలి. అతను రాకముందే నింపుకోవడం మాత్రం శుద్ధ దండగ, ఒక ఎత్తు పోయినట్టే.

మరి తెగేదెక్కడ? చాలాసార్లు రెండు బ్రిడ్జిలు ఒకే ఖాళీ గడి మీద ఆధారపడతాయి. అతను సరిగ్గా అక్కడే పెడతాడు. మీరు ఒకదాన్నే కాపాడగలరు. దూరిన కాయ మరోచోట కూడా బెదిరిస్తే అదే గతి.

అంచు దగ్గర, రెండో వరస కాయకు అంచువైపు రెండు గడులూ ఖాళీగా ఉంటే అంచుకు చేరినట్టే. మూడో వరసకైతే పక్కన ఇంకాస్త చోటు కావాలి.

అతని దారిని ఆపాలంటే కాయకు ఆనించి పెట్టకండి, పక్కనుంచి జారిపోతాడు. కాస్త ముందుగా, ఎడంగా అడ్డం వేయండి.