బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది?

ప్రశ్న: మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి, బిగ్ బ్యాంగ్‌తో అంతా తేలిపోయిందంటాడు. మా మామగారేమో ఇదంతా వేదాల్లో ఎప్పుడో చెప్పేశారంటారు. మధ్యలో నాకు టెన్షన్. ఎవరిది కరెక్టండీ? అసలు దానికి ముందు ఏముంది?
– పేరు వద్దన్న పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఏముందో ఎవరికీ తెలీదమ్మా. ఇంకెవరైనా తెలుసని గట్టిగా చెబితే కాస్త అనుమానించండి.

మీవాడు చెప్పేదాంట్లో బలం ఉంది. దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వమంతా విపరీతమైన వేడితో చిక్కగా ఉండేదని, అప్పట్నుంచీ విస్తరిస్తూనే ఉందని చెప్పడానికి సాక్ష్యాలు బోలెడు. కానీ మనకందే అతి పాత వెలుగు విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసున్నప్పటిది, అంతకుముందు వెలుతురు స్వేచ్ఛగా కదిలే వీలే లేదు. మామూలు పదార్థంలో బరువు లెక్కన పావు వంతు హీలియం ఎందుకుందో లెక్కగట్టి మొదటి కొన్ని నిమిషాల దాకా వెళ్లగలిగారు. ఇంకా వెనక్కి, మొట్టమొదటి క్షణానికి వెళ్తే ఐన్‌స్టీన్ సమీకరణాలే చేతులెత్తేస్తాయి. కాబట్టి 'అంతా' తేలలేదు.

మామగారికి కూడా ఒక మాట. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఒకసారి చూడమనండి. సృష్టి ఎలా పుట్టిందో పైనున్నవాడికి తెలుసేమో, లేక ఆయనకీ తెలీదేమో అన్న సందేహంతో ముగుస్తుంది అది. చెప్పేయడం ఎక్కడుంది అందులో?

నాకు ఈ విషయంలో ఇష్టమైన మనిషి జార్జ్ లెమైత్ర్. బెల్జియం ఆయన, చర్చి ఫాదర్. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కలతో రాసి, 1931లో అదంతా ఒకే అణువు లాంటి దాన్నుంచి మొదలైందన్న ఆలోచన బయటపెట్టింది ఈయనే. 1951లో అప్పటి పోప్, ఈ సైన్స్ దేవుడి సృష్టికి సాక్ష్యమన్నట్టుగా ప్రసంగిస్తే ఎగిరి గంతేయాల్సింది పోయి ఈయన ఇబ్బందిపడ్డాడు, నా సిద్ధాంతానికీ మతానికీ ముడిపెట్టొద్దన్నాడు. పోపు మాట తనకి అనుకూలంగా ఉన్నా సరే! ఆ నిగ్రహం మన డైనింగ్ టేబుళ్ల దగ్గర కనబడదు.

సైంటిస్టులూ తొందరపడతారు లెండి. 2014 మార్చిలో, దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం విశ్వం పుట్టిన తొలి క్షణాల జాడ దొరికిందని ప్రకటిస్తే పెద్ద హడావిడే అయింది. ఏడాది తిరక్కుండానే ఆ సిగ్నల్‌లో చాలా భాగం మన పాలపుంతలోని దుమ్ముదని తేలింది, అదీ ఆ బృందమే ఇంకో బృందంతో కలిసి లెక్క చూసుకుని ఒప్పుకుంది. మీవాడికి సైన్స్ మీదున్న గౌరవం ఇలాంటి చోట ఇంకా పెరగాలి.

ప్రశ్న: పాత టీవీల్లో ఛానెల్ రాకపోతే కనిపించే చుక్కలు బిగ్ బ్యాంగ్ నుంచే వస్తాయట, నిజమేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కొంచెం నిజం, నూటికి ఒక వంతు అటూ ఇటూగా. మిగతాదంతా టీవీ లోపలిదీ చుట్టుపక్కలదీ. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ యాంటెన్నాలో ఈ గరగరే వినిపిస్తే, అందులో గూడు పెట్టుకున్న పావురాల రెట్టే కారణమేమోనని శుభ్రంగా కడిగారు కూడా. అయినా పోలేదు. ఆ గరగర పైన చెప్పిన అతి పాత వెలుగుదే. దాన్ని కనిపెట్టినందుకే 1978లో నోబెల్ వచ్చింది.