పెళ్ళికి లేస్ షాల్ అల్లుతున్నా, టైమ్‌కి అయిపోతుందా?

ప్రశ్న: అక్కా, నా చిన్ననాటి ఫ్రెండ్ పెళ్ళి ఇంకో 10 వారాల్లో ఉంది. నా చేత్తో అల్లిన లేస్ షాల్ ఇద్దామని సన్న ఊలుతో ముక్కోణం డిజైన్ మొదలుపెట్టా. మెడ దగ్గర మొదలై రెండు వరసలకోసారి 4 కుట్లు పెరుగుతూ కిందికి వస్తుంది, మొత్తం 200 వరసలు. 3 వారాల్లో 100 అయ్యాయి కాబట్టి ఇంకో 3 వారాల్లో అయిపోతుందనే అనుకుంటున్నా. కానీ సూది మీద చూస్తే నలిగిన గుడ్డపీలికలా ఉంది, డిజైనే కనపడట్లేదు. పైగా 12 వరసల కింద ఒక యార్న్ ఓవర్ (కన్నం రావడానికి సూది మీద దారం చుట్టి వేసే కుట్టు) మర్చిపోయానని ఇప్పుడే చూశా. మొత్తం విప్పేయాలా?

జవాబు: విప్పకు చెల్లీ, ముందు సూదులు పక్కన పెట్టి నా మాట విను. నీకు అసలు చిక్కు ఆ మర్చిపోయిన కుట్టుతో కాదు, టైమ్ లెక్కతో. ఇలాంటి షాల్‌కి వరసలు కాదు, కుట్లు లెక్కపెట్టాలి. ఇప్పుడు నీ సూది మీద 200 కుట్లు దాకా ఉంటాయి, చివరికొచ్చేసరికి 400 అవుతాయి. ఇప్పటిదాకా అల్లినవి, సగటున వరసకి 100 చొప్పున, సుమారు 10,000 కుట్లు, షాల్ మొత్తానికి 40,000. అంటే సగం కాదు, పావే అయింది. ఇదే స్పీడ్‌లో వెళ్తే ఇంకో 9 వారాలు పడుతుంది, ఆ తర్వాత తడిపి ఆరబెట్టడం, దారాల కొసలు దాచడం ఉండనే ఉన్నాయి, మధ్యలో నాలుగు రోజులు జ్వరమొస్తే చాలు పెళ్ళి ముందురోజు కాళ్ళూ చేతులూ ఆడవు.

అందుకే 160 వరసల దగ్గర ఆపేయమంటా. అప్పుడు మొత్తం 25,600 కుట్లు, అంటే ఇంకో 15,600 అల్లితే చాలు, ఐదు వారాల్లోపు అయిపోతుంది. తడిపి సాగదీశాక, షాల్ నడిమధ్యన మెడ నుంచి కింది మొన దాకా దిగే గీత వెంట 10 సెంటీమీటర్లకి 20 వరసలు వచ్చే అల్లికైతే లోతు 80 సెంటీమీటర్లు వస్తుంది, భుజాల మీద కప్పుకోడానికి భేషుగ్గా సరిపోతుంది. కాకపోతే సరిగ్గా 160 దగ్గరే కాదు, డిజైన్ ఒక రిపీట్ (మళ్ళీ మళ్ళీ వచ్చే భాగం) పూర్తయ్యే వరస చూసుకో, కింద అంచు చార్ట్‌కి (డిజైన్ గళ్ళ బొమ్మకి) కుట్ల లెక్క కుదరాలి.

ఇక ఆ యార్న్ ఓవర్. మర్చిపోయినట్టు వెంటనే పక్క వరసలోనే తెలిస్తే రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉండే దారాన్ని సూదితో పైకెత్తి అల్లేస్తే సరిపోయేది. 12 వరసలు దాటాక కూడా, పై డిజైన్ పక్కకి జరగకపోతే, ఇప్పుడున్న వరసలో అదే చోట అలాగే ఒక దారం ఎత్తి కుట్టు కలిపేయి, లెక్క సరిపోతుంది. అన్ని కన్నాల్లో ఒక్కటి తక్కువైతే నీ ఫ్రెండ్‌కి కనపడదు, నీకు మాత్రమే తెలుస్తుంది. అదే నడి మధ్య గీత పక్కన తప్పు జరిగితే మాత్రం నేనైతే విప్పుతా, ఎందుకంటే షాల్ పరిచినప్పుడు చూపు ముందు అక్కడికే పోతుంది.

ఇకనుంచి ప్రతి రిపీట్ అయ్యాక లైఫ్‌లైన్ వేసుకో. మొద్దు సూదిలోకి నున్నటి, రంగు దిగని కాటన్ దారం ఎక్కించి, డిజైన్ లేని పర్ల్ (ఉల్టా కుట్ల) వరస అయ్యాక సూది మీదున్న కుట్లన్నిట్లోంచి లాగి అలా వదిలేయాలి. మార్కర్ల (గుర్తుకి సూదికి తొడిగే చిన్న రింగుల) లోంచి మాత్రం పోనివ్వకు, దారంతో పాటు ఇరుక్కుపోతాయి. ఏ వరసలో వేశావో కాయితం మీద రాసుకో. తర్వాత ఎంత పెద్ద తప్పొచ్చినా అక్కడిదాకా విప్పితే కుట్లన్నీ వరసగా దారం మీద నిలబడి ఉంటాయి, మళ్ళీ సూదికి ఎక్కించుకోవడమే.

గుడ్డపీలికలా ఉందని దిగులు పడకు, సూది మీద ఏ లేస్ అయినా అంతే. అల్లడం అయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో ఓ అరగంట నానబెట్టు, పిండకుండా టవల్లో చుట్టి ఒత్తు. తర్వాత తుప్పు పట్టని గుండుసూదులతో మధ్య గీత ముందు, పై అంచు తర్వాత, కింది కొసలు చివర గుచ్చుతూ సాగదీసి పరుచు. అప్పుడు చూడు, ఒక్కో ఆకూ ఒక్కో పువ్వూ విచ్చుకుంటూ వస్తుంది. పూర్తిగా ఆరేదాకా గుండుసూదులు తీయొద్దు. ఇదంతా జరగాలంటే చివరి వరస బాగా వదులుగా ముగించాలి, రెండు సైజులు పెద్ద సూది వాడు. నా మొదటి షాల్‌కి అంచు గట్టిగా ముగించేశా, తడిపి లాగితే అంచు కదలలేదు, షాల్ గిన్నెలా ముడుచుకుంది, చివరి వరసంతా విప్పి మళ్ళీ ముగించాల్సొచ్చింది.

ప్రశ్న: పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయే షాల్ నిజంగా ఉంటుందా మేడమ్? నాలాంటి కొత్తవాళ్ళు అల్లగలమా? ఆక్రిలిక్ వాడొచ్చా?

జవాబు: ఉంటుందండీ. స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో, ముఖ్యంగా ఉన్స్ట్‌లో, అంత సన్నటి ఊలుతో అల్లేవాళ్ళు, పేరే వెడ్డింగ్ రింగ్ షాల్. రష్యాలో ఒరెన్‌బర్గ్ మేక నూగుతో అల్లేవాటికీ అదే పేరుంది. కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు, అదే షెట్లాండ్‌దే ఓల్డ్ షేల్ అని అలల డిజైన్ ఉంది, దాంతో మొదలుపెట్టండి. 18 కుట్ల రిపీట్, నాలుగు వరసల్లో ఒక్కదాంట్లోనే డిజైన్: రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు, యార్న్ ఓవర్ వేసి ఒక నిట్ (సీదా కుట్టు) ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. రెండు రిపీట్లు అయ్యేసరికి చేతికి వచ్చేస్తుంది. ఆక్రిలిక్ మాత్రం వద్దండీ, తడిపి సాగదీసినా ఆరాక మళ్ళీ ముడుచుకుంటుంది. ఊలు గానీ ఊలూ సిల్కూ కలిసింది గానీ తీసుకోండి, ఇచ్చేటప్పుడు చన్నీళ్ళలో చేత్తో ఉతకాలనీ, ఉతికిన ప్రతిసారీ పరిచి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలనీ ఒక చీటీ రాసి పెట్టండి.