ముందు సిరా, ఆ తర్వాతే పెన్ను

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన చెట్టు బొమ్మ చూశాను. గీతలు చక్కగా పడ్డాయి. కొమ్మలు ఎక్కడ సన్నబడాలో అక్కడే సన్నబడ్డాయి. తీరా పసుపు నీటిరంగు పూసేసరికి నలుపంతా కరిగి ఆకులు బురదలో ముంచి తీసినట్టయ్యాయి. కుంచె పట్టడం చేతకాలేదని రాశావు. తప్పు కుంచెది కాదు, నీదీ కాదు, నీ పెన్నులోని సిరాది. ఏ పెన్ను కొనాలని అడిగావు కానీ, నేను ముందు సిరా సంగతే చెబుతాను. అది తేలితే పెన్ను దానంతట అదే తేలుతుంది.

ఫౌంటెన్ పెన్నుల కోసం అమ్మే సిరాల్లో చాలావరకు డై సిరాలే. చక్కెర కరిగినట్టు రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. కాగితం మీద ఆరిన తర్వాత కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు కరగదు, కంటికి ఆనని రేణువులుగా తేలుతూ ఉంటుంది. నీరు ఇంకిపోయాక ఆ రేణువులు కాగితపు పోగుల్ని పట్టుకుని కూర్చుంటాయి. పైన తడి కుంచె నడిపినా లేవవు. నీకు కావలసింది ఇదే. సీసా మీద ‘పర్మనెంట్’ అని కనబడగానే మురిసిపోకు. ఎండకు వెలిసిపోదని చెప్పడానికి ఒకరు, తుడిస్తే ఆనవాలైనా మిగులుతుందని చెప్పడానికి మరొకరు ఆ మాట వాడతారు. ‘పిగ్మెంట్’ అని ఉందో లేదో చూడు. ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉంటే, ఫౌంటెన్ పెన్నులో పోయవచ్చని కూడా రాశారో లేదో చూడు.

ఆ రెండో మాట చూడకే నేను నీ వయసులో బోల్తా పడ్డాను. వాటర్‌ప్రూఫ్ అని ఉంది కదా అని ఇండియన్ ఇంక్ తెచ్చి, ఉన్న ఒక్క మంచి పెన్నులో పోశాను. రెండు రోజులు నల్లగా నిగనిగలాడుతూ గీసింది. మూడో రోజు ఉలకలేదు, పలకలేదు. దీపపు మసి వంటి కార్బన్ పొడికి లక్క కలిపి చేసిన సిరా అది. ఎండిన లక్క నీటికి లొంగదు. గీతకు అదే బలం, పెన్నుకు అదే చావు. కంగారులో మరిగే నీళ్లు పోస్తే పాళీ కిందుండి దానికి సిరా అందించే ఫీడ్ కూడా వంకర పోయింది. ఇండియన్ ఇంక్ వంటి సిరా లేదని ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని ముంచి గీసే పాళీతోనో కుంచెతోనో వాడాలి, అంతే.

ఫౌంటెన్ పెన్నులో పోయడానికని రేణువుల్ని బాగా సన్నగా చేసిన సిరాలు ఉన్నాయి. నలుపు కావాలంటే ప్లాటినమ్ కార్బన్, సెయిలర్ కివాగురో రెండూ నమ్మదగ్గవి. డి అట్రామెంటిస్ వారి డాక్యుమెంట్ సిరాల్లో గోధుమ, బూడిద రంగులు కూడా దొరుకుతాయి. లేత రంగుల బొమ్మలో నల్లగీత కొన్నిసార్లు గొంతు పెంచి మాట్లాడినట్టు ఉంటుంది. నీ చెట్టుకు నేనైతే గోధుమ రంగే వాడేవాణ్ణి. కాగితపు పోగుల్లో ఉండే సెల్యులోజ్ అనే పదార్థంతో కలిసిపోయి నిలిచే సిరాలు మరో రకం. మామూలు కాగితం మీద అవి భేషుగ్గా ఉంటాయి. నీటిరంగుల కాగితానికి మాత్రం, బట్టకు గంజి పెట్టినట్టు, జెలటిన్ వంటివి పట్టిస్తారు. సిరా పోగుల దాకా చేరక కొంత పైనే ఉండిపోతుంది. ఆ మిగిలినది కుంచెకు అంటుకుని రంగును మురికి చేస్తుంది.

అందుకే ఎవరు ఎంత మెచ్చుకున్నా నువ్వు ఒకసారి పరీక్షించు. నువ్వు రంగులు వేసే కాగితం ముక్కే తీసుకో, నోటుపుస్తకం పనికిరాదు. ఒక గీత గీసి నిమిషం తర్వాత, మరొకటి గీసి ఐదు నిమిషాలకు, ఇంకొకటి గంటకు, చివరిది మర్నాటికి తడిపి చూడు. వట్టి నీళ్లతో కాదు, పసుపు రంగుతో. కాస్త సిరా కదిలినా పసుపు పట్టిచ్చేస్తుంది. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా మడుగు కట్టి ఆలస్యంగా ఆరుతుంది. గాలిలో తేమ ఉన్న రోజు ఇంకా ఆలస్యం.

ఇక పెన్ను. మొదట రెండు ఫైన్‌లైనర్లు, అంటే సన్నని మొనతో ఒకే మందంలో గీసే పెన్నులు, చాలు. సకురా పిగ్మా మైక్రాన్ అందుకు బాగుంటుంది, అందులో ఉన్నది పిగ్మెంట్ సిరానే. దాని మీది అంకెలు మిల్లీమీటర్లు కావు. 01 అంటే 0.25 మి.మీ., 05 అంటే 0.45 మి.మీ. ఈ రెండూ తీసుకో. నొక్కి గీయకు. గరుకు కాగితం ఆ మొనను ఆకురాయిలా అరగదీస్తుంది. నీ చేయి బరువు తగ్గడానికి ఇది మంచి శిక్షే అనుకో.

గీత ఒకే మందంలో సాగడం విసుగనిపించిన రోజు ఫౌంటెన్ పెన్ను కొను. పిగ్మెంట్ సిరాకు పాళీ అందం కంటే మూత బిగువు ముఖ్యం, ఎందుకంటే లోపల ఎండితే కడగడం కష్టం. చవకదే అయినా ప్లాటినమ్ ప్రెపీ మూతలో గాలి చొరబడని లోపలి మూత ఒకటి ఉంటుంది. అందుకే ఖరీదైన వాటిని పక్కనపెట్టి నేను దాన్నే వాడతాను. లామీ సఫారీ కొంటే పాళీ ఒక్కటే మార్చుకునే వీలుంది. జపాన్ వారి ‘ఫైన్’ పాళీ సాధారణంగా ఐరోపా వారి ‘ఫైన్’ కంటే సన్నం, అది గుర్తుంచుకో. కొన వంచిన పాళీలు కూడా ఉన్నాయి. నిలబెడితే సన్నగా, వాల్చితే లావుగా గీస్తాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు, గీత మీద కంటే విన్యాసం మీద మనసు పోతుంది.

బాల్‌పాయింట్ పెన్నును చిన్నచూపు చూడకు. అందులోది నూనె సిరా కాబట్టి నీళ్లకు కదలదు. గోడకు వేలాడదీస్తే ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోవచ్చు. పుస్తకంలో ఉండే బొమ్మకు ఆ బెంగ లేదు.

రంగు వేశాక మళ్లీ గీతలు దిద్దాలనిపిస్తే కాగితానికి చేతి వెనక వైపు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఆగు.

నీ పాత సిరాను పారేయకు. అదే చెట్టును ఈసారి రంగులు లేకుండా ఆ సిరాతోనే గీసి, నీడ ఉండాల్సిన చోట తడి కుంచెతో ఒక్కసారి తాకు. కరిగే గుణం అక్కడ పనికొస్తుంది. కొన్ని నల్లసిరాలు తడిస్తే నీలంగానో గులాబీగానో విడిపోతాయి. నీది ఏమవుతుందో చూడాలని నాకూ ఉంది. ఆరాక పంపించు.

ఇట్లు,
పెదనాన్న

తా.క. పిగ్మెంట్ సిరా పోసిన పెన్నును వారాల తరబడి వాడకుండా ఉంచకు. నెలకోసారైనా మామూలు నీళ్లతో కడుగు, వేడివి వద్దు. సంచిలో పాళీ పైకి ఉండేలా నిలబెట్టు. ఆ సిరా కాగితాన్ని వదలనట్టే బట్టల్నీ వదలదు, నా చొక్కాలే సాక్ష్యం.